అడ్రస్ ఇచ్చేది ఎవరు: మా క్లౌడ్‌లో డీహెచ్‌సీపీ నిలబెట్టిన మూడు వారాల డైరీ

రోజు 1

హైదరాబాద్ ఆఫీసు డేటాసెంటర్లో కొత్త ర్యాక్‌లు సిద్ధమయ్యాయి. మూడు కంట్రోలర్లు (క్లౌడ్‌ని నడిపించే సర్వర్లు), రెండు నెట్‌వర్క్ నోడ్‌లు (నెట్‌వర్క్ సేవలు నడిచేవి), పద్నాలుగు కంప్యూట్ నోడ్‌లు (వర్చువల్ మెషీన్లు నడిచేవి). ఉబుంటు 22.04 మీద ఓపెన్‌స్టాక్, అంటే సొంత క్లౌడ్ కట్టుకునే సాఫ్ట్‌వేర్, ఇప్పటికే ఎక్కించారు. నాకు అప్పగించింది లోపలి వర్చువల్ నెట్‌వర్క్‌లకు డీహెచ్‌సీపీ, అంటే మెషీన్లకు ఐపీ అడ్రస్ దానంతటదే అందేలా చేసే ఏర్పాటు. ఏ టీమ్ వీఎం (వర్చువల్ మెషీన్) లేపినా నిమిషంలోపు దానికి ఐపీ రావాలి. ఒక సర్వర్ పడిపోయినా వాడేవాళ్లకు తెలియకూడదు. అడిగింది ఈ రెండే.

ఈ డైరీ నా కోసమూ, నా తర్వాత దీన్ని చూసుకునేవాళ్ల కోసమూ రాస్తున్నాను. పాత క్లస్టర్ నా చేతికొచ్చినప్పుడు ఏది ఎందుకు అలా పెట్టారో చెప్పే కాగితం ఒక్కటీ లేదు. ఒక్కో సెట్టింగ్ వెనక కారణం వెతకడానికి నాకు నెలలు పట్టింది. ఆ కష్టం ఇంకొకరికి వద్దు.

మొదటి చిక్కు మీటింగ్‌లోనే వచ్చింది. నాలుగు టీమ్‌లకు నాలుగు నెట్‌వర్క్‌లు కావాలి, నలుగురూ 10.0.0.0/24 (10.0.0.0 నుంచి 10.0.0.255 దాకా ఉన్న అడ్రస్‌లు) అడిగారు. ఎవరి స్క్రిప్ట్‌లలో వాళ్లు ఆ అడ్రస్‌లే రాసుకున్నారు, మార్చమంటే ఒప్పుకోరు. మామూలు ఆఫీసు నెట్‌వర్క్ అయితే కుదరదనేదాన్ని. ఇక్కడ కుదురుతుంది. లినక్స్‌లో నెట్‌వర్క్ నేమ్‌స్పేస్ అని ఒకటుంది. ఒకే సర్వర్ లోపల విడివిడి నెట్‌వర్క్ లోకాలు పెట్టుకోవచ్చు, ఒకదాని ఇంటర్‌ఫేస్‌లు, రూట్లు ఇంకోదానికి కనబడవు. ప్రతి ఊళ్లోనూ రామాలయం వీధి ఉంటుంది కదా, ఊరి పేరు తెలిస్తే ఉత్తరం తప్పిపోదు. ఇదీ అంతే.

ఓవీఎన్ (ఓపెన్‌స్టాక్‌లో నెట్‌వర్క్ నడిపే ఇంకో పద్ధతి) ఎందుకు పెట్టుకోలేదని అడుగుతారేమో, అదీ రాసి పెడతాను. అందులో ప్రతి కంప్యూట్ నోడ్‌లోని కంట్రోలరే డీహెచ్‌సీపీకి జవాబిస్తుంది, విడిగా సర్వర్ ప్రాసెస్ ఉండదు. మంచి పద్ధతి. కానీ మా పాత క్లస్టర్ ఓపెన్ వీస్విచ్ (సాఫ్ట్‌వేర్ స్విచ్) మీద, డీహెచ్‌సీపీ ఏజెంట్‌తో నడుస్తోంది. రాత్రి రెండింటికి ఫోన్ వస్తే లేచి చూసేవాళ్లందరికీ తెలిసింది అదే. అందుకని దాంతోనే ఉన్నాం.

రోజు 2

మొదటి నెట్‌వర్క్, మొదటి సబ్‌నెట్ (దాని అడ్రస్‌ల రేంజ్) తయారు చేశాను. డీహెచ్‌సీపీ ఆన్ అని పెట్టిన కొద్ది సెకన్లలోనే నెట్‌వర్క్ నోడ్‌లో కొత్త నేమ్‌స్పేస్ కనబడింది. దాని పేరు క్యూడీహెచ్‌సీపీ, పక్కన నెట్‌వర్క్ ఐడీ. లోపల ఒక ట్యాప్ ఇంటర్‌ఫేస్ (వర్చువల్ నెట్‌వర్క్ కార్డు), దాని మీద 10.0.0.2. గేట్‌వేకి (బయటికి వెళ్లే దారికి) .1 పోయింది కాబట్టి తర్వాతది తీసుకుంది. దాన్ని పట్టుకుని ఒక డీఎన్ఎస్‌మాస్క్ ప్రాసెస్ నడుస్తోంది.

దీన్ని నెలకొల్పేది న్యూట్రాన్ (ఓపెన్‌స్టాక్‌లో నెట్‌వర్క్ చూసుకునే భాగం) డీహెచ్‌సీపీ ఏజెంట్, జవాబులిచ్చేది డీఎన్ఎస్‌మాస్క్. ఈ తేడా రెండో వారంలో బాగా అక్కరకొచ్చింది, అక్కడ రాస్తాను.

ఏజెంట్ ప్రతి నెట్‌వర్క్‌కూ ఒక డైరెక్టరీ పెడుతుంది. అందులో హోస్ట్ అనే ఫైల్ తెరిచి చూశాను. వీఎం ఒకటి లేపగానే అందులో ఒక లైన్ చేరింది. ముందు మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్ కార్డు గుర్తింపు), ఎఫ్‌ఏ:16:3ఈ తో మొదలయ్యేది, న్యూట్రాన్ తయారు చేసే మ్యాక్‌లన్నిటికీ మామూలుగా ఉండే ముందు భాగం అదే. తర్వాత హోస్ట్-10-0-0-37 అని పేరు. చివర 10.0.0.37. వీఎం ఇంకా బూట్ కూడా కాలేదు, ఐపీ మాత్రం అక్కడ రాసి ఉంది.

డీఎన్ఎస్‌మాస్క్ ఏ ఆప్షన్లతో నడుస్తోందో చూస్తే రేంజ్ దగ్గర స్టాటిక్ అనే మాట ఉంది. అంటే ఫైల్‌లో పేరున్న మ్యాక్‌కే జవాబు, లేనిదానికి లేదు. ఆఫీసు ఫ్లోర్లలో పదేళ్లుగా డీహెచ్‌సీపీ పెట్టిన చేతికి ఇది తిరగబడ్డ పద్ధతి. అక్కడ సర్వర్ దగ్గర అడ్రస్‌ల కుప్ప (పూల్) ఉంటుంది, అడిగినవాళ్లకు అందులోంచి ఒకటి తీసి ఇస్తుంది. ఇక్కడ అడ్రస్ ఏదో న్యూట్రాన్ డేటాబేస్ ముందే తేల్చేస్తుంది. డీహెచ్‌సీపీ ఆ మాటను మెషీన్ దాకా మోసుకెళుతుంది, అంతే. అడ్రస్ రాలేదని ఎవరన్నా ఫిర్యాదు చేస్తే ఇక్కడ అడగాల్సింది మాట ఎక్కడ ఆగిపోయిందని. పూల్ అయిపోయిందా అన్నది తర్వాతి సంగతి.

దీంతో నా ప్లాన్ కాగితం సగం కొట్టేశాను. రెండు సర్వర్లు కాబట్టి రేంజ్‌ని రెండుగా చీల్చి చెరొకటి ఇద్దామని రాసుకున్నాను. అవసరమే లేదు. ఒక్కో నెట్‌వర్క్‌కు రెండు ఏజెంట్లు అని పెడితే చాలు, మామూలుగా ఆ విలువ ఒకటే ఉంటుంది. రెండు నోడ్‌ల మీదా అదే హోస్ట్ ఫైల్ తయారవుతుంది. ఎవరు జవాబిచ్చినా చెప్పేది ఒకే అడ్రస్.

రోజు 3

రెండు ఏజెంట్లకు ఒక ధర ఉంది. ఒక టీమ్ ముచ్చటపడి /29 అడిగి తీసుకుంది (ఈ నంబర్ పెరిగితే రేంజ్ చిన్నదవుతుంది). అందులో వాడుకోదగ్గవి ఆరు. గేట్‌వేకి ఒకటి, డీహెచ్‌సీపీ పోర్టులకు (న్యూట్రాన్‌లో పోర్టు అంటే నెట్‌వర్క్‌కి ఒక కనెక్షన్) రెండు పోతే మిగిలేవి మూడు. నాలుగో వీఎం దగ్గర అడ్రస్‌లు లేవని ఎర్రర్ కొట్టింది. నేను ముందే చెప్పాల్సింది. /27 చేసి ఇచ్చాను. ఇక నుంచి /28 కన్నా చిన్నది ఇవ్వకూడదని ఫారంలో రాశాను.

రోజు 4

కొత్తగా చేరిన తమ్ముడు పొద్దున్నే వచ్చి, "అక్కా, కంప్యూట్ ఐదు మీద లేపినవాటికి ఐపీ రావట్లేదు" అన్నాడు. మిగతా నోడ్‌ల మీద బాగానే ఉంది.

కన్సోల్ చూశాం. టెస్ట్‌కి వాడే చిన్న సిర్రోస్ ఇమేజ్. డిస్కవర్ పంపుతున్నాను అని ఒకటి, రెండు, మూడు సార్లు రాసి, లీజు (కొంత గడువుకు ఇచ్చే అడ్రస్) దొరకలేదని ఊరుకుంది. తమ్ముడు వెంటనే డీహెచ్‌సీపీ ఏజెంట్ రీస్టార్ట్ చేద్దామన్నాడు. ఆపాను. మిగతా నోడ్‌లకు జవాబులు అందుతున్నాయంటే సర్వర్ బాగున్నట్టే. ఏజెంట్‌ను రీస్టార్ట్ చేస్తే అది అన్ని నెట్‌వర్క్‌లనూ మళ్లీ మొదటి నుంచి సరిచూసుకుంటుంది, ఆ సమయంలో కొత్త వీఎంలు వేచి ఉండాలి. ముందు ప్యాకెట్ ఎంత దూరం వచ్చిందో చూద్దామన్నాను.

డీహెచ్‌సీపీలో మొత్తం నాలుగు మాటలు. వీఎం డిస్కవర్ అంటుంది, సర్వర్ ఆఫర్ అంటుంది, వీఎం రిక్వెస్ట్ అంటుంది, సర్వర్ ఆక్ (సరే) అంటుంది. సర్వర్ వైపు యూడీపీ పోర్టు 67, మెషీన్ వైపు 68. మెషీన్‌కు అప్పటికి అడ్రస్ లేదు కాబట్టి 0.0.0.0 నుంచి 255.255.255.255కి అరుస్తుంది. ప్రతి ప్యాకెట్‌లో ఒక ట్రాన్సాక్షన్ నంబర్ ఉంటుంది, ఏ జవాబు ఏ ప్రశ్నకో దాంతో పట్టుకోవచ్చు.

మూడు కిటికీలు తెరిచి మూడింట్లోనూ టీసీపీడంప్ (వెళ్లే ప్యాకెట్లను చూపించే టూల్) పెట్టాం. ఒకటి కంప్యూట్ నోడ్‌లో వీఎం ట్యాప్ మీద. ఒకటి నెట్‌వర్క్ నోడ్‌కి వెళ్లే తీగ మీద. ఒకటి నేమ్‌స్పేస్ లోపల. తమ్ముణ్ణి వీఎం రీబూట్ చేయమన్నాను. మొదటి కిటికీలో డిస్కవర్ కనబడింది. రెండో కిటికీలో, ఆ డిస్కవర్‌ని పొట్టలో పెట్టుకుని వీఎక్స్‌లాన్ (నోడ్‌ల మధ్య వర్చువల్ నెట్‌వర్క్ ట్రాఫిక్‌ని మోసే పద్ధతి) ప్యాకెట్ బయటికి వెళ్లడం కనబడింది. మూడోది ఖాళీ. మళ్లీ డిస్కవర్, మళ్లీ మూడోది ఖాళీ.

అంటే దారిలోనే పోయింది. నెట్‌వర్క్ నోడ్ ఫైర్‌వాల్ చూస్తే, వీఎక్స్‌లాన్ వాడే యూడీపీ 4789 కొన్ని అడ్రస్‌ల నుంచే తెరిచి ఉంది. ఐదో నోడ్‌కు గత వారం మదర్‌బోర్డు మార్చినప్పుడు ఐపీ మారింది, ఆ లిస్టులో మార్చలేదు. లైన్ ఒకటి చేర్చాం. తర్వాతి డిస్కవర్‌కి మూడో కిటికీ కదిలింది. డిస్కవర్, ఆఫర్, రిక్వెస్ట్, ఆక్, నాలుగింట్లోనూ ఒకే ట్రాన్సాక్షన్ నంబర్. తమ్ముడు ఆ నంబర్‌ని వేలుపెట్టి ఒక్కో లైన్లో చదివాడు. ఈ పని నేర్పాలంటే ఇంతకన్నా మంచి దారి నాకు తెలియదు.

రోజు 5

సెలవు.

రోజు 6, 7

ఈ రెండు రోజులూ టెన్షనే. అడ్రస్ వస్తోంది, పింగ్ అవుతోంది, ఎస్‌ఎస్‌హెచ్‌తో లోపలికి వెళ్లొచ్చు. కానీ పెద్ద లాగ్ ఫైల్ తెరిస్తే స్క్రీన్ బిగుసుకుపోతోంది. ప్యాకేజీ అప్‌డేట్ మధ్యలో ఆగిపోతోంది. టెస్టింగ్ టీమ్ మేడం ఫోన్ చేసి, "మీ క్లౌడ్ స్లోగా ఉందండీ" అన్నారు. స్లో కాదు. చిన్న ప్యాకెట్లు వెళ్తున్నాయి, పెద్దవి వెళ్లట్లేదు.

లెక్క ఇది. వీఎం పంపిన ఫ్రేమ్‌ని వీఎక్స్‌లాన్ ఇంకో ప్యాకెట్‌లో చుడుతుంది. బయటి ఐపీ హెడర్ 20 బైట్లు, యూడీపీ 8, వీఎక్స్‌లాన్ 8, లోపలి ఈథర్నెట్ హెడర్ 14. మొత్తం 50. కింద తీగ ఒక ప్యాకెట్‌లో 1500 బైట్లు మాత్రమే మోస్తుంటే, వీఎంకి మిగిలేది 1450. ఈ సంగతి వీఎంకి చెప్పేది కూడా డీహెచ్‌సీపీయే, 26వ ఆప్షన్‌తో (అడ్రస్‌తో పాటు జవాబులో వెళ్లే సెట్టింగ్‌లలో ఒకటి). ఆక్‌ని విప్పి చూశాను. 1450 అని అందులో ఉంది. సర్వర్ చెప్పాల్సింది చెప్పింది.

వీఎంలో చూస్తే ఇంటర్‌ఫేస్ 1500 మీద ఉంది. విడదీయకూడదని షరతు పెట్టి 1422 సైజుతో (హెడర్లు 28 కలిపితే 1450) పింగ్ కొట్టాను, వెళ్లింది. 1472తో కొట్టాను, పోలేదు. మా వాళ్లు తయారు చేసుకున్న ఇమేజ్‌లో, నెట్‌వర్క్ ఫైల్లో ఎంటీయూ (ఒక ప్యాకెట్ గరిష్ఠ సైజు) 1500 అని ఎవరో ఎప్పుడో చేత్తో రాసి పెట్టారు. డీహెచ్‌సీపీ ఏం చెప్పినా చివరికి ఆ ఫైల్ మాటే చెల్లుతోంది. లైన్ తీసేసి ఇమేజ్ మళ్లీ కట్టాను. అప్పటికే నడుస్తున్న ఇరవై రెండు వీఎంలలో ఒక్కోదాంట్లోకి వెళ్లి సరిచేశాం.

కానీ నాకు తృప్తి లేదు. బయటి నుంచి తెచ్చుకునే ప్రతి ఇమేజ్‌నీ, ప్రతి కంటైనర్‌నీ 1450కి ఒప్పించలేం. కింద స్విచ్‌లను 9000కి పెంచితే, పైన వీఎంలకు మామూలు 1500 హాయిగా ఇవ్వొచ్చు. స్విచ్‌లు చూసే సీనియర్‌ని అడిగాను. "చేద్దాం, కానీ ఒక శనివారం రాత్రి ఆగండి" అన్నారు. ఆగుతాను.

రోజు 9

ట్రైనింగ్ ల్యాబ్ నెట్‌వర్క్‌కి బ్యాకప్ సర్వర్లున్న 192.168.50.0/24కి ఒక దారి కావాలి. డీహెచ్‌సీపీ 121వ ఆప్షన్ రూట్లు చెప్పడానికే ఉంది కదా అని, ఆ పోర్టుల మీద 121ని చేత్తో పెట్టాను. అరగంటలో ల్యాబ్ నుంచి ఫోన్, ఇంటర్నెట్ పోయిందని.

తప్పు నాదే. ఆర్‌ఎఫ్‌సీ 3442 (ఇంటర్నెట్ ప్రమాణ పత్రాల్లో ఒకటి) ఈ విషయాన్ని స్పష్టంగా చెబుతుంది. 121 వచ్చిందంటే మెషీన్ 3వ ఆప్షన్‌ని, అంటే మామూలు గేట్‌వేని, పట్టించుకోకూడదు. నేను రాసిన 121లో బ్యాకప్ దారి ఒక్కటే ఉంది, డిఫాల్ట్ రూట్ లేదు. మెషీన్లు రూలు ప్రకారమే నడిచాయి, ఆ రూలే డిఫాల్ట్ రూట్‌ని తీసేసింది.

సరైన దారి సబ్‌నెట్ మీద హోస్ట్ రూట్‌గా రాయడం. అప్పుడు 121ని న్యూట్రానే కడుతుంది, డిఫాల్ట్ రూట్‌ని కూడా అందులో కలుపుతుంది. రూటర్ లేని నెట్‌వర్క్‌లలో 169.254.169.254కి దారి చెప్పడానికీ ఇదే ఆప్షన్ వాడుతుంది. క్లౌడ్-ఇనిట్ (వీఎం లేచినప్పుడు దాన్ని సిద్ధం చేసే ప్రోగ్రాం) తన సమాచారం అడిగేది ఆ అడ్రస్‌నే, అది దొరక్కపోతే వీఎంలోకి ఎస్‌ఎస్‌హెచ్ తాళం కూడా చేరదు.

సరిచేశాక ఇంకో పాఠం. మార్పు మెషీన్లకు వెంటనే అందలేదు. లీజు 86,400 సెకన్లు, ఒక రోజు. మెషీన్ మళ్లీ సర్వర్‌ని పలకరించేది సగం గడిచాక, అంటే పన్నెండు గంటలకు. ల్యాబ్‌లో పిల్లలు పరీక్షకు కూర్చుని ఉన్నారు. అందరి వీఎంలకూ రెన్యూ కమాండ్ చేత్తో కొట్టాం. అలా పోయిన నలభై నిమిషాలు పిల్లలకు అదనంగా ఇమ్మని వాళ్ల సర్‌ని నేనే అడిగాను, ఇచ్చారు.

రోజు 11

ఒక సర్వర్ పడిపోతే ఏమవుతుంది? మొదటి రోజు ఇచ్చిన మాట ఇది, కాబట్టి దీన్ని చేసి చూడకుండా అప్పగించను.

మొదటి ప్రయత్నం: నోడ్ ఒకటిలో డీహెచ్‌సీపీ ఏజెంట్ సర్వీస్ ఆపాను. వీఎంలు రెన్యూ చేసుకున్నాయి, ఎవరికీ ఇబ్బంది లేదు. తమ్ముడు సంబరపడ్డాడు. నాకు అనుమానం వచ్చి నేమ్‌స్పేస్‌లో చూస్తే, 10.0.0.2 ఇంకా జవాబిస్తోంది. ఏజెంట్ ఆగింది కానీ అది పుట్టించిన డీఎన్ఎస్‌మాస్క్ బతికే ఉంది. ఇది పరీక్షే కాదు. అయితే ఒక మంచి సంగతి తెలిసింది. అప్‌గ్రేడ్ కోసం ఏజెంట్‌ని కాసేపు ఆపినా పాతవాళ్ల లీజులకు ఢోకా లేదు, కొత్త వీఎంల పేర్లు మాత్రం ఆ నోడ్‌లోని ఫైల్‌లోకి ఎక్కవు.

రెండో ప్రయత్నం: ఏజెంట్‌ని లేపి, డీఎన్ఎస్‌మాస్క్‌ని చంపాను. నిమిషం తిరక్కుండా మళ్లీ ప్రత్యక్షం. ఏజెంట్ తన పిల్ల ప్రాసెస్‌లను 60 సెకన్లకోసారి చూసుకుంటుంది, లేనిదాన్ని తిరిగి లేపుతుంది. బాగుంది, కానీ ఇదీ నాకు కావలసిన పరీక్ష కాదు.

రోజు 12

నోడ్‌కి పవర్ తీయాల్సిందే. అయితే రోజు లీజుతో ఫలితం చూడాలంటే ఇరవై ఒక్క గంటలు కూర్చోవాలి. ఎందుకో రాస్తాను. 1997 మార్చిలో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 2131 ప్రకారం లీజులో సగం గడిచాక మెషీన్ తనకు లీజిచ్చిన సర్వర్‌నే నేరుగా అడుగుతుంది. ఆ సర్వర్ పలకకపోయినా ఇంకోదాన్ని అడగదు. 87.5 శాతం గడిచాకే ఎవరైనా సరే అని బ్రాడ్‌కాస్ట్ చేస్తుంది. ఒక రోజు లీజుకి అది ఇరవై ఒకటో గంట.

అందుకని టెస్ట్ కోసం లీజు 600 సెకన్లకు దించాను. సగం ఐదు నిమిషాలు, రెండో గడువు ఎనిమిది నిమిషాల నలభై ఐదు సెకన్లు. సాయంత్రం 4:10కి వీఎం 10.0.0.2 నుంచి లీజు తీసుకుంది. 4:12కి మొదటి నోడ్ పవర్ తీశాం. వీఎంలో టీసీపీడంప్, పక్కన గోడ గడియారం.

4:15కి రిక్వెస్ట్ 10.0.0.2కి. జవాబు లేదు. తర్వాత మళ్లీ ఒకటి. జవాబు లేదు. పక్క కిటికీలో వీఎం మీద నడుస్తున్న ఫైల్ కాపీ మాత్రం ఆగకుండా సాగుతోంది, లీజు బతికి ఉన్నంతసేపూ అడ్రస్ దానిదే. 4:18 దాటింది. ముగ్గురం నిలబడే ఉన్నాం, ఎవరూ మాట్లాడలేదు. 4:19కి కాస్త ముందు లైన్ మారింది. ఈసారి రిక్వెస్ట్ 255.255.255.255కి వెళ్లింది, వెంటనే 10.0.0.3 నుంచి ఆక్. అదే 10.0.0.37, కొత్తగా పది నిమిషాలు.

నోడ్ పడిపోయి ఉండగానే కొత్త వీఎం ఒకటి లేపాం. మామూలుగానే అడ్రస్ తెచ్చుకుంది. కంట్రోలర్ దగ్గర ఏజెంట్ చచ్చిపోయిందని గుర్తు పడటానికి 75 సెకన్లు పడుతుంది, మామూలు సెట్టింగ్ అది. రెండో ఏజెంట్ ముందే సిద్ధంగా ఉంది కాబట్టి ఆ 75 సెకన్లు ఎవరినీ ఆపవు. ఒక్క ఏజెంటే పెట్టుకుని ఉంటే ఆ సమయమంతా, తర్వాత పని చేతులు మారేదాకా, కొత్త వీఎంలకు దిక్కు లేదు.

రోజు 13

లీజు ఎంత పెట్టాలని సగం పూట వాదించుకున్నాం. ఆఫీసు వైఫైలో లీజు తగ్గిస్తే అడ్రస్‌లు త్వరగా పూల్‌కి తిరిగొస్తాయి. ఇక్కడ ఆ లాభం లేదు. పోర్టుని తీసేసినప్పుడే అడ్రస్ విడుదలవుతుంది, లీజు గడువుతో దానికి సంబంధం లేదు. కాబట్టి ఆలోచించాల్సింది రెండే. మార్చిన రూటు, డీఎన్ఎస్ ఎంత త్వరగా మెషీన్లకు చేరాలి? సర్వర్ పడితే బాగుచేయడానికి ఎంత వ్యవధి కావాలి? ఈ విలువ నెట్‌వర్క్‌కొకటి పెట్టుకునేది కాదు, అందరికీ ఒకటే. 14,400 దగ్గర ఆగాం. నాలుగు గంటలు. మార్పు రెండు గంటల్లో అందుతుంది, ఒక నోడ్ పోతే మూడున్నర గంటలకు మెషీన్లు రెండోదాన్ని వెతుక్కుంటాయి, రెండూ పోయినా మాకు కనీసం రెండు గంటల సమయం ఉంటుంది.

రోజు 14

ల్యాబ్‌లో ఒక విద్యార్థి లినక్స్ సర్వర్ పాఠంలో భాగంగా తన వీఎంలో సొంత డీహెచ్‌సీపీ సర్వర్ పెట్టాడు. వాళ్ల సర్ కంగారుగా అడిగారు, మిగతా పిల్లల అడ్రస్‌లు చెడిపోతాయా అని. చెడవు. వీఎం నుంచి పోర్టు 67తో బయల్దేరే జవాబులను సెక్యూరిటీ గ్రూప్ (వీఎం ముందుండే ఫైర్‌వాల్) మామూలుగానే ఆపేస్తుంది. టీసీపీడంప్‌లో చూపించాను. ఆఫర్ ఆ అబ్బాయి వీఎం దాటి వచ్చి, గడప దగ్గరే ఆగిపోయింది.

కానీ ఆ పాఠం వాళ్లకు నిజంగానే కావాలి. విడిగా ఒక నెట్‌వర్క్ ఇచ్చాను, సబ్‌నెట్‌లో డీహెచ్‌సీపీ ఆఫ్, పోర్టులకు సెక్యూరిటీ ఆఫ్, బయటికి రూటర్ లేదు. అందులో ఎన్ని సర్వర్లు పెట్టి కొట్టుకున్నా అక్కడే. మధ్యాహ్నానికి ఆ అబ్బాయి సర్వర్ తన స్నేహితుడి వీఎంకి అడ్రస్ ఇచ్చిందట, చెప్పడానికి పై ఫ్లోర్ దాకా పరుగెత్తుకొచ్చాడు.

రోజు 16

సోమవారం బ్యాచ్ కోసం ఒకేసారి నూట ఇరవై వీఎంలు లేపారు. తొమ్మిది ఎర్రర్‌లోకి పోయాయి. లాగ్‌లో వీఐఎఫ్ ప్లగింగ్ టైమ్‌అవుట్, అంటే వీఎం నెట్‌వర్క్ కనెక్షన్ సిద్ధం కాకముందే గడువు ముగిసింది. డీహెచ్‌సీపీ ఎంట్రీ సిద్ధమైందని న్యూట్రాన్ చెప్పేదాకా నోవా (ఓపెన్‌స్టాక్‌లో వీఎంలను లేపే భాగం) 300 సెకన్లు ఆగుతుంది, ఆ తర్వాత వదిలేస్తుంది. ఆ ఉదయమే ఎవరో మంచికని రెండు నోడ్‌లలోనూ ఏజెంట్లను ఒకేసారి రీస్టార్ట్ చేశారు, అవి ఇంకా సరిచూసుకునే పనిలో ఉన్నాయి. ఒకదాని లాగ్‌లో సింక్ పూర్తయిన లైన్ చూశాకే రెండోదాన్ని ముట్టుకోవాలని రన్‌బుక్‌లో (ఏ పని ఎలా చేయాలో రాసుకునే పుస్తకం) మొదటి పేజీలో రాశాను. ఇక నుంచి వీఎంలు ఒక్కసారికి ముప్పై చొప్పున.

రోజు 20, శనివారం రాత్రి

పదకొండున్నరకు స్విచ్‌ల పని మొదలైంది. సీనియర్ ఒక్కో పోర్టునీ 9000కి మారుస్తూ నంబర్ చదివారు, నేను కాగితం మీద టిక్ పెట్టాను, తమ్ముడు నోడ్‌ల ఇంటర్‌ఫేస్‌లు మార్చాడు. ఒంటిగంటకు నోడ్ నుంచి నోడ్‌కు పెద్ద పింగ్‌లు అన్ని జతల మధ్యా చూశాం. కంప్యూట్ పదకొండు ఒక్కటి పలకలేదు. కేబుల్ వేరే స్విచ్‌లో ఉంది, లిస్టులో లేని స్విచ్. అదీ మార్చాం.

న్యూట్రాన్ సెట్టింగ్‌లో కింది నెట్‌వర్క్ 9000 అని రాసి, 1500తో ఒక కొత్త వర్చువల్ నెట్‌వర్క్ కట్టాను. రెండు వేర్వేరు నోడ్‌ల మీద రెండు వీఎంలు లేపాను. ఆక్‌ని విప్పితే 26వ ఆప్షన్‌లో 1500. విడదీయకూడదని షరతు పెట్టి, ఆరో రోజు పోని అదే 1472తో పింగ్ కొట్టాను.

1480 బైట్ల జవాబు, 10.0.0.37 నుంచి. రెండో లైన్. మూడో లైన్. టైమ్ రెండుంపావు. తమ్ముడు ఫ్లాస్క్‌లో మిగిలిన టీ మూడు కప్పుల్లో పోశాడు. పాత నెట్‌వర్క్‌లను ఒక్కొక్కటిగా 1500కి మార్చడం సోమవారం నుంచి, ల్యాబ్‌ది అన్నిటికన్నా చివర, పరీక్షలయ్యాక.